జాబితాను గుర్తుచేసేది ఎవరు?

ప్రయాణికుల విమానాన్ని నడిపే ఇద్దరు పైలట్లు నేల విడవడానికి ముందూ, నేల దిగడానికి ముందూ ఒక చిన్న జాబితాను పైకి చదువుకుంటారనీ, దానిని చెక్‌లిస్ట్ అంటారనీ ఈనాడు చాలామందికి తెలిసినదే అయినా, ఆ జాబితా దేనికోసం ఉన్నదన్న విషయంలో మాత్రం ఒక అపోహ బలంగా పాతుకుపోయింది. కొత్తగా వంట నేర్చుకునేవారు పుస్తకం ఎదురుగా పెట్టుకొని, ఒక వాక్యం చదివి ఆవాలు వేసి, మరో వాక్యం చదివి కరివేపాకు వేసినట్లు, పైలట్లు కూడా కాగితం చదువుతూ ఒక్కొక్క స్విచ్చే వేసుకుంటూ పోతారని బయటివారి ఊహ. మామూలు ప్రయాణంలో జరిగేది ఇందుకు తలకిందులుగా ఉంటుంది. పైలట్ ముందుగా ఏ కాగితమూ చూడకుండా, తలపైనున్న ప్యానెల్ మీద మొదలుపెట్టి, ఎదుటి ప్యానెల్ మీదుగా, రెండు సీట్ల నడుమనున్న మీటల గట్టు వరకు ఒక నిర్ణీత క్రమంలో కళ్లనూ చేతినీ కదుపుతూ అమరికలన్నీ పూర్తి చేస్తారు. పైలట్ల వాడుకలో దీనిని ‘ఫ్లో’ అంటారు. కొన్ని వందల సార్లు చేసిన ఈ కదలిక చేతికి ఎంతగా అలవాటవుతుందంటే, జడ అల్లే చేతికి పాయల లెక్క చెప్పనక్కరలేనట్లే, ఆ చేతికీ తరువాతి స్విచ్ ఏదో ఎవరూ చెప్పనక్కరలేదు. ఈ పనంతా అయిన తరువాతే జాబితా బయటికి వస్తుంది, అదైనా పని చేయించడానికి కాదు, చేసిన పనిలో ప్రాణాలకు సంబంధించిన నాలుగైదు అంశాలను మరొకసారి సరిచూడడానికి.

జాబితా చదువుతూ ఒక్కొక్క పనే చేసే పద్ధతి విమానయానంలో లేకపోలేదు. ఇంజిన్‌లో మంటలు లేచినప్పుడో, విద్యుత్ వ్యవస్థ దెబ్బతిన్నప్పుడో, అరుదుగా మాత్రమే ఎదురయ్యే ఆ పరిస్థితిని జ్ఞాపకంతో ఎదుర్కోవడం ప్రమాదకరం గనుక, తక్షణం చేయవలసిన ఒకటి రెండు పనులు మినహా మిగిలినదంతా పుస్తకంలో చదివి, చేసి, మళ్లీ చదివి ముందుకు సాగుతారు. మామూలు జాబితా మాత్రం తెలియని పనిని నేర్పేది కాదు, బాగా తెలిసిన పనికి కాపలా. ఈ భేదం మనసులో ఉంచుకుంటే, జాబితా తప్పిన సందర్భాలన్నీ అనుభవం లేనివారి పొరపాట్లు కావనీ, వాటిలో చాలా వరకు వేల గంటల అనుభవం ఉన్నవారివేననీ ఎందుకు తేలుతున్నదో సులువుగా అర్థమవుతుంది.

కాక్‌పిట్‌లో కెప్టెన్, ఫస్ట్ ఆఫీసర్ అన్నవి హోదాలు. వాటితో నిమిత్తం లేకుండా ప్రతి ప్రయాణంలోనూ ఒకరు విమానాన్ని నడిపే పైలట్‌గా, ఇంకొకరు రేడియోలో మాట్లాడుతూ, పరికరాలను కనిపెట్టుకొని ఉండే పర్యవేక్షక పైలట్‌గా పని పంచుకుంటారు. వెళ్లేటప్పుడు కెప్టెన్ నడిపితే, వచ్చేటప్పుడు ఫస్ట్ ఆఫీసర్ నడపడం సర్వసాధారణం. జాబితా చదవమని అడిగేది ఒకరు, చదివేది ఇంకొకరు. నేల మీద సాధారణంగా కెప్టెన్, గాలిలో నడిపే పైలట్ జాబితాను పేరు పెట్టి అడుగుతారు. రెండవవారు ఒక్కొక్క అంశాన్ని పలుకుతారు. జవాబు చెప్పవలసినవారు ఆ పరికరం కేసి చూసి, అక్కడ ఏమి కనిపిస్తున్నదో దానినే పైకి చెబుతారు. చివరి అంశం అయ్యాక ‘జాబితా పూర్తయింది’ అన్న ప్రకటన తప్పనిసరిగా రావాలి. ఆ ఒక్క వాక్యం రాకపోతే జాబితా మధ్యలో ఆగిపోయినట్లే లెక్క. భారతదేశంలో ఈ సంభాషణ అంతా ఇంగ్లీషులోనే, కంపెనీ నియమావళిలో అచ్చయిన మాటలతోనే జరుగుతుంది. పక్కపక్కన కూర్చున్న ఇద్దరిదీ గుంటూరే అయినా ఈ నాలుగు మాటలూ తెలుగులోకి రావు, ఎందుకంటే ఇక్కడ కావలసింది మాటల చనువు కాదు, విన్న చెవికి ఏ మాట తరువాత ఏ మాట రావాలో ముందే తెలిసి ఉండడం.

ఈ జాబితాలు ఎంత చిన్నవో చూస్తే మొదటిసారి ఆశ్చర్యం కలుగుతుంది. బోయింగ్ 737 కొత్త తరం విమానాలలో తయారీ సంస్థ ఇచ్చే టేకాఫ్ ముందటి జాబితాలో రెండే అంశాలు ఉంటాయి. మొదటిది ఫ్లాప్స్, రెండవది తోక వద్దనున్న అడ్డ రెక్క వాలు. విమానంలోని బరువు ముందుకు ఎంత, వెనుకకు ఎంత పంపిణీ అయిందో లెక్కకట్టి, దానికి తగినట్లు ఆ అడ్డ రెక్కను వాల్చి ఉంచడమే రెండవ అంశంలోని విషయం. ల్యాండింగ్ జాబితాలోనూ నాలుగే అంశాలు: ఇంజిన్ స్టార్ట్ స్విచ్‌లు, నేల తాకగానే రెక్కల మీద పైకి లేచి నిలిచే స్పీడ్‌బ్రేక్ పలకలు సిద్ధంగా ఉండడం, చక్రాలు, ఫ్లాప్స్. ఇంత చిన్నవి గనుకనే ఇవి పనిచేస్తున్నాయి. ముప్ఫై అంశాల జాబితాను రోజుకు నాలుగు సార్లు చదవవలసి వస్తే ఎంతటివారికైనా అది మంత్రపుష్పంలా నోటికి వచ్చేస్తుంది, నోటికి వచ్చిన తరువాత కన్ను పని మానేస్తుంది.

ఇందులో ఫ్లాప్స్ అన్న ఒక్క అంశాన్ని దగ్గర నుంచి చూడడం అవసరం, ఎందుకంటే టేకాఫ్ సమయంలో జాబితా తప్పిన ఘోర ప్రమాదాలలో చాలా వాటి వెనుక ఉన్నది ఇదే. పెద్ద విమానాల రెక్క గంటకు 800 కిలోమీటర్లకు పైబడిన వేగంతో పోవడానికి అనువుగా చదునుగా, సన్నగా తయారవుతుంది. అదే రెక్క గంటకు 250, 300 కిలోమీటర్ల వేగంలో, నేల విడిచే క్షణంలో, విమానం బరువును మోయగలిగినంత లిఫ్ట్‌ను, అంటే గాలి వల్ల పుట్టే పైకెత్తే బలాన్ని ఇవ్వలేదు. అందువల్ల రెక్క వెనుక అంచున ఫ్లాప్స్ అనే పలకలనూ, ముందు అంచున స్లాట్స్ వంటి పలకలనూ అమర్చి, అవసరమైనప్పుడు వాటిని బయటికి చాచి కిందికి వంచుతారు. దానితో రెక్క వైశాల్యమూ, వంపూ పెరిగి, తక్కువ వేగంలోనే లిఫ్ట్ వస్తుంది. కిటికీ పక్కన, రెక్కకు కాస్త వెనుకగా కూర్చున్న ప్రయాణికులకు, విమానం రన్‌వే కేసి మెల్లగా సాగుతుండగా సన్నని మోటారు రొద వినిపించి, రెక్క వెనుక నుంచి పలక ఒకటి జారి బయటికి రావడం కనిపించేది ఈ పనే. ఈ పలకలు రాకుండానే పైలట్ ముక్కు పైకెత్తితే, రెక్క మీదుగా గాలి సాఫీగా పారడం మాని విడిపోతుంది. స్టాల్ అనే ఈ స్థితిలో రెక్కకు మోసే శక్తి కూలిపోతుంది, నేలకు పది పదిహేను మీటర్ల ఎత్తున అలా జరిగితే కోలుకోవడానికి చోటూ ఉండదు, సమయమూ ఉండదు.

737లో ఫ్లాప్స్ మీట ఇంజిన్ మీటలకు కుడివైపున, ఫస్ట్ ఆఫీసర్ చేతికి అందేటట్లు ఉంటుంది. దాని గాడి వెంట 1, 2, 5, 10, 15, 25, 30, 40 అన్న గుర్తులు ఉంటాయి. మీట 5 దగ్గర ఉండడం ఒక సంగతి, పలకలు నిజంగా అక్కడికి చేరడం మరొక సంగతి. అది చెప్పేది ఎదుటి ప్యానెల్ మీది సూచిక, దాని పక్కన వెలిగే ఆకుపచ్చ దీపం. కనుక జాబితాలో ‘ఫ్లాప్స్’ అని వినిపించినప్పుడు ‘సరిగానే ఉన్నాయి’ అనడం జవాబు కాదు. ‘ఐదు, ఆకుపచ్చ దీపం’ అన్నట్లుగా కంటికి కనిపించిన అంకె చెప్పాలి. ‘సరిగానే ఉన్నాయి’ అన్న మాట చూడకుండానే అనవచ్చు. అంకె చెప్పాలంటే చూడక తప్పదని ఈ నియమం పెట్టినవారి ఆశ. ఆ ఆశ ఎంతవరకు నెరవేరిందో ముందు ముందు తెలుస్తుంది.

జాబితా పుట్టిన సందర్భంలోనే దాని స్వభావం కొంత బయటపడుతుంది. 1935 అక్టోబరు 30న అమెరికాలోని ఒహైయో రాష్ట్రం, డేటన్ దగ్గరి రైట్ ఫీల్డ్‌లో బోయింగ్ సంస్థ తయారుచేసిన మోడల్ 299 అనే నాలుగు ఇంజిన్ల బాంబర్ విమానాన్ని సైన్యం పరీక్షిస్తున్నది. నేల మీద నిలిపి ఉంచినప్పుడు గాలి తాకిడికి తోక మీది కదిలే పలకలు కొట్టుకోకుండా వాటిని బిగించి ఉంచే గొళ్లెం ఒకటి ఆ విమానంలో ఉండేది. దానిని విడిపించకుండానే విమానం పైకి లేచి, ముక్కు నిలువుగా ఎత్తి, స్టాల్ అయి కూలింది. నడుపుతున్న మేజర్ ప్లాయర్ హిల్, బోయింగ్ పరీక్షా పైలట్ లెస్లీ టవర్ ఇద్దరూ ఆ ప్రమాదం వల్ల మరణించారు. విమానంలో యాంత్రిక లోపమేమీ లేదు, నడిపినవారి నైపుణ్యానికి వంక పెట్టడానికీ లేదు. అంత సంక్లిష్టమైన యంత్రాన్ని ఒక్క మనిషి జ్ఞాపకానికి వదిలేయకూడదన్న నిర్ణయానికి వచ్చిన సైనిక పైలట్లు టేకాఫ్‌కూ, ప్రయాణానికీ, ల్యాండింగ్‌కు ముందూ, తరువాతా సరిచూసుకోవలసినవి కార్డుల మీద రాసి పెట్టుకున్నారు. అదే విమానం తరువాత బీ-17 పేరుతో 12,000కు పైగా తయారై రెండవ ప్రపంచ యుద్ధంలో ఎగిరింది. ఇంజిన్ల శక్తిలోనో, రెక్కల ఆకారంలోనో కాక, ఒక అట్టముక్క మీది రాతలో జరిగిన ఈ మార్పుకు విమాన చరిత్రలో దక్కవలసినంత పేరు దక్కలేదనే చెప్పాలి.

మనిషి మరచిపోతాడు గనుక జాబితా కావలసి వచ్చింది. మరి జాబితా చదవాలన్న సంగతినే మరచిపోతే? ఈ ప్రశ్నను 1987 ఆగస్టు 16 సాయంత్రం డెట్రాయిట్‌లో జరిగిన ప్రమాదం ప్రపంచం ముందు నిలిపింది. నార్త్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ 255వ సర్వీసుగా ఫీనిక్స్ వెళ్లవలసిన ఎండీ-82 విమానం కదలబోతుండగా గాలి దిశ మారడంతో రన్‌వే మారింది. కొత్త రన్‌వే పొట్టిది గనుక ఆ బరువుతో లేవగలమా అన్నది సరిచూడాలి, విమానాశ్రయ వాతావరణ వివరాల రికార్డు ప్రసారాన్ని మళ్లీ వినాలి, చీకటి పడుతున్న వేళ అంతగా పరిచయం లేని దారి వెంట సాగాలి. ఆ దారిలో ఒక మలుపు తప్పిపోయింది కూడా. మామూలు రోజున ఏ క్షణంలో ఫస్ట్ ఆఫీసర్ చేయి ఫ్లాప్స్ మీట మీదికి వెళ్లేదో, ఆ క్షణంలో ఆయన రేడియోలో ఉన్నారు. ఆ క్షణం గడిచిపోయింది. ట్యాక్సీ జాబితాను, అంటే విమానం రన్‌వే కేసి సాగేటప్పుడు చదవవలసిన దానిని, ఎవరూ అడగలేదు, ఎవరూ చదవలేదు. అమరిక తప్పుగా ఉంటే మోగవలసిన హెచ్చరిక వ్యవస్థకు విద్యుత్తు అందకపోవడంతో అదీ మోగలేదు. విమానంలోని 155 మందిలో 154 మంది, నేల మీద ఇద్దరు మరణించగా, నాలుగేళ్ల పాప ఒక్కతే బతికింది. అమెరికా జాతీయ రవాణా భద్రతా బోర్డు జాబితా వాడకపోవడమే కారణమని తేల్చింది. అయినా దీనిని ‘నిర్లక్ష్యం’ అన్న ఒక్క మాటతో కట్టిపెట్టడం న్యాయం కాదు. రన్‌వే దాకా సాగిన ఆ కొద్ది నిమిషాలలో వారిద్దరూ చేసిన ప్రతి పనీ అవసరమైనదే. ఆ అవసరమైన పనులే అంతకంటే అవసరమైన పనిని పక్కకు నెట్టాయి.

మనస్తత్వ శాస్త్రం ఇటువంటి మరపును మామూలు మరపు నుంచి వేరుచేసి చూస్తుంది. నేర్చుకున్న పద్యాన్ని, విన్న పేరును తిరిగి గుర్తుచేసుకోవడం ఒక రకం జ్ఞాపకం. మున్ముందు చేయవలసిన పని, దాని సమయం వచ్చినప్పుడు, ఎవరూ అడగకుండానే మనసులోకి రావడం ఇంకొక రకం. దీనిని ప్రాస్పెక్టివ్ మెమరీ అంటారు, ‘చేయవలసినదాని జ్ఞాపకం’ అని దీనిని తెలుగులో చెప్పుకోవచ్చు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు చెందిన ఏమ్స్ పరిశోధన కేంద్రంలో కీ డిస్ముకస్, ఆయన సహచరులు కాక్‌పిట్‌లలో కూర్చొని గమనించీ, ప్రమాద నివేదికలు శోధించీ చూపినదాని ప్రకారం, ఈ రెండవ రకం జ్ఞాపకం మనిషి సంకల్ప బలం మీద కాక, పరిసరాలలోని ఆనవాళ్ల మీద ఆధారపడి నడుస్తుంది. బజారు నుంచి వచ్చేటప్పుడు మందుల షాపు బోర్డు కంటపడితే మాత్రలు కొనాలన్నది గుర్తుకొస్తుంది, వేరే దారిలో వస్తే రాదు. కాక్‌పిట్‌లోనూ అంతే: ఒక పని పూర్తికావడమే తరువాతి పనికి ఆనవాలు, ఆ గొలుసులో ఒక లంకె జారితే తరువాతిది తనంతట తాను పిలవదు. పైగా నిత్యం చేసే పనిలో ఇంకొక చిక్కు ఉంది. ఇంటికి తాళం వేసి వీధి చివరికి వచ్చాక, గ్యాస్ కట్టేశామా లేదా అని తడుముకొంటే, కట్టేసినట్లే లీలగా కనిపిస్తుంది, అయితే ఆ కనిపిస్తున్నది ఈ పొద్దుటిదో నిన్నటిదో తేల్చుకోవడం కష్టం. వేల సార్లు ఫ్లాప్స్ వేసిన చేతికి ఈ రోజు వేసిన సంగతికి వేరే ముద్ర ఉండదు.

ఈ చిక్కు జాబితా చదివేటప్పుడు కూడా వదలదని డల్లాస్, మాడ్రిడ్ ప్రమాదాలు నిరూపించాయి. 1988 ఆగస్టు 31న డల్లాస్–ఫోర్ట్‌వర్త్‌లో డెల్టా 1141వ సర్వీసు బోయింగ్ 727 ఫ్లాప్స్ లేకుండా లేవబోయి కూలి, 108 మందిలో 14 మంది చనిపోయారు. అక్కడ జాబితా చదివారు, ఫ్లాప్స్ గురించి అడిగారు, జవాబూ వచ్చింది. జవాబు మాత్రమే వచ్చింది, పలకలు రాలేదు. రన్‌వే కోసం వేచి ఉన్నంతసేపూ కాక్‌పిట్‌లో విమానానికి సంబంధం లేని కబుర్లు సాగాయి. 10,000 అడుగులకు దిగువన ఎగిరేటప్పుడు, నేల మీద సాగేటప్పుడు పనికి సంబంధించని మాటలు నిషేధించే నియమాన్ని అమెరికా 1981లోనే తెచ్చినా, రాతలోని నియమం గొంతుదాకా రాలేదు.

2008 ఆగస్టు 20న మాడ్రిడ్‌లో జరిగినది ఇంకా హృదయవిదారకమైనది. స్పాన్‌ఎయిర్ 5022వ సర్వీసు ఎండీ-82 అప్పటికే ఒకసారి రన్‌వే దాకా వెళ్లి, బయటి ఉష్ణోగ్రతను కొలిచే పరికరం అతిగా వేడెక్కుతున్నదని తిరిగి వచ్చింది. మరమ్మతు అయ్యేసరికి ఆలస్యమూ, మధ్యాహ్నపు ఎండా రెండూ ముదిరాయి. ఇంజిన్లు వేశాక చదివే జాబితాలో చివరి అంశం ఫ్లాప్స్, స్లాట్స్. ఫస్ట్ ఆఫీసర్ ఆ అంశం దగ్గరికి వస్తుండగా, కదలడానికి అనుమతి అడగమని కెప్టెన్ చెప్పడంతో జాబితా అక్కడ తెగింది. తెగినచోటికి ఎవరూ తిరిగి రాలేదు. ఆ తరువాత టేకాఫ్‌కు క్షణాల ముందు తుది సరిచూపులో ఫ్లాప్స్ కొలత పైకి వినిపించింది, ఉండవలసిన అంకే వినిపించింది, సూచిక మీద మాత్రం అది లేదు. హెచ్చరిక హారన్ ఇక్కడా మోగలేదు. 172 మందిలో 154 మంది ప్రాణాలు కోల్పోయారు. అంకె చెప్పాలంటే చూడక తప్పదన్న ఆశ ఇక్కడ వమ్మయింది: ఎదురుచూస్తున్న అంకెను మనసు కంటికంటే ముందే అందిస్తుంది, అప్పుడు చెప్పినవారు అబద్ధమాడినట్లు కాదు, చూశామనే వారు నిజంగా నమ్ముతారు.

నాసా కోసం ఆసఫ్ డెగానీ, ఎర్ల్ వీనర్ 1990లో వెలువరించిన అధ్యయనం ఈ విషయంలో మొదటి లోతైన పరిశీలన. అప్పటివరకు జాబితాను విమానం తయారుచేసేవారి కాగితంగానే చూశారు తప్ప, దానిని చదివే మనిషి అలసట, తొందర, పక్కవారితో సంబంధం, కంపెనీ వేళల ఒత్తిడి ఇవన్నీ ఆ కాగితం లోపలికి వస్తాయని ఎవరూ అంతగా పట్టించుకోలేదు. ప్రాణాంతకమైన అంశాలు జాబితా మొదట్లోనే ఉండాలని వారు సూచించారు, ఎందుకంటే ఏ జాబితా అయినా తెగేది మధ్యలోనో చివర్లోనో. మాడ్రిడ్‌లో ఫ్లాప్స్ చివరన ఉన్నాయన్నది గుర్తుంచుకుంటే ఈ సూచన విలువ తెలుస్తుంది. జాబితాను ఒక్క తెంపున పూర్తి చేయగలిగిన సమయంలోనే మొదలుపెట్టడం, ఎక్కడైనా ఆగితే ఆగిన సంగతి పైకి చెప్పడం, ఎక్కడ ఆగిందో సందేహం ఉంటే మొదటి నుంచి చదవడం ఈనాడు చాలా కంపెనీల నియమావళిలో చేరాయి.

నియమాలకు తోడు, పైలట్లు తమ మనసుకు తామే కట్టుకునే గుర్తులు కొన్ని ఉన్నాయి. శాస్త్రజ్ఞులు పరిశోధించి కనిపెట్టినదానిని వీరు అనుభవంతో ఎప్పుడో పట్టుకున్నారు. మరచిపోకూడని పనికి చీర కొంగుకు ముడివేసుకునే పద్ధతికి ఇవి దగ్గరి చుట్టాలు. జాబితా మధ్యలో రేడియో పిలిస్తే, చదువుతున్నవారు బొటనవేలిని ఆ వరుస మీదే నొక్కి ఉంచి జవాబిస్తారు. కొందరు చదవవలసిన కార్డును ఇంజిన్ మీటల మధ్య నిలబెట్టి ఉంచుతారు, దానిని తీయకుండా ఇంజిన్ల శక్తి పెంచడానికి చేయి ఆడదు. వీటన్నిటిలోని కిటుకు ఒకటే: జ్ఞాపకాన్ని తల లోపల కాక, కంటికి తగిలేచోట, చేతికి అడ్డంపడేచోట దాచుకోవడం.

నేల దిగేటప్పుడు ఇటువంటి ఆనవాళ్లు మరింత స్పష్టంగా ఉంటాయి. విమానం కిందికి వస్తూ, ఎత్తును సూచించే ఆల్టిమీటర్‌ను స్థానిక వాయుపీడనానికి మార్చవలసిన స్థాయి రాగానే అప్రోచ్ జాబితా వస్తుంది. తరువాత, రన్‌వే ఇంకా కొన్ని మైళ్ల దూరంలో ఉండగా, నడిపే పైలట్ చక్రాలు దించమంటారు. ప్రయాణికులకు కాళ్ల కింద దడదడమన్న చప్పుడూ, గాలి హోరూ వినిపించేది అప్పుడే. మూడు చక్రాల జతలూ దిగి గట్టిగా బిగుసుకున్నాక ప్యానెల్ మీద మూడు ఆకుపచ్చ దీపాలు వెలుగుతాయి. చక్రాలు, స్పీడ్‌బ్రేక్, చివరి ఫ్లాప్స్ అమరిక ఒకదాని వెంట ఒకటి అయ్యాక ల్యాండింగ్ జాబితా. ఇది ఎప్పుడో ఒకప్పుడు చేస్తే సరిపోయేది కాదు. రన్‌వేకు 1,000 అడుగుల ఎత్తుకు వచ్చేసరికి వేగం, దిగే తీరు, అమరిక, జాబితా అన్నీ కుదిరి ఉండాలనీ, కుదరకపోతే దిగడం మానుకొని ఇంజిన్ల శక్తి పెంచి మళ్లీ పైకి వెళ్లాలనీ చాలా కంపెనీలు నియమం పెట్టుకున్నాయి. ఇలా మళ్లీ పైకి వెళ్లడాన్ని ప్రయాణికులు ప్రమాదం తప్పినట్లుగా చెప్పుకుంటారు గానీ, అది క్రమశిక్షణ పనిచేసిందనడానికి గుర్తు, దానికి పైలట్‌ను మెచ్చుకోవలసిందే తప్ప భయపడనక్కరలేదు. ఆ క్రమశిక్షణ తప్పితే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ ఒకటి ఉంది: 2020 మే 22న కరాచీలో పాకిస్తాన్ ఇంటర్నేషనల్ ఎయిర్‌లైన్స్ ఏ320 ఉండవలసినదానికంటే చాలా ఎత్తుగా, వేగంగా వచ్చి, హెచ్చరికలు మోగుతున్నా చక్రాలు లేకుండానే ఇంజిన్ల మీద రన్‌వేను రాసుకుంటూ పోయి, మళ్లీ పైకి లేచి, రెండు ఇంజిన్లూ ఆగిపోయి ఇళ్ల మీద కూలింది. విమానంలోని 99 మందిలో ఇద్దరే బతికారు.

గుర్తుచేసే పనిని యంత్రానికి అప్పగించే ప్రయత్నమూ సాగింది. శంషాబాద్ నుంచి రోజూ ఎగిరే విమానాలలో ఎక్కువగా కనిపించే ఎయిర్‌బస్ ఏ320 తరగతిలో, రెండవ ఇంజిన్ తిరగడం మొదలైన రెండు నిమిషాలకు పైలట్ల నడుమనున్న తెర మీద టేకాఫ్ మెమో అనే చిన్న పట్టిక దానంతట అదే ప్రత్యక్షమవుతుంది. బ్రేకులు, సీటుబెల్టు సూచికలు, క్యాబిన్ సిద్ధం, రెక్కల మీద లేచే స్పాయిలర్ పలకలు, ఫ్లాప్స్ వంటి అంశాలలో ఇంకా కానిది నీలి రంగులో ఉంటుంది, అయినది ఆకుపచ్చకు మారుతుంది. ఒక బొత్తాం నొక్కితే, టేకాఫ్ శక్తి ఇచ్చినట్లుగా యంత్రం భావించుకొని అమరికలు సరిగా ఉన్నాయో లేదో పరీక్షించి చెబుతుంది. దిగేటప్పుడు నేలకు 2,000 అడుగుల ఎత్తున ల్యాండింగ్ మెమో ఇలాగే వస్తుంది. 1995లో సేవలోకి వచ్చిన బోయింగ్ 777లో జాబితా మొత్తం తెర మీదికి చేరింది; యంత్రం కనుగొనగలిగిన అంశాలకు అదే పచ్చ గుర్తు వేసుకుంటుంది, కనుగొనలేని వాటికి పైలట్ వేయాలి, మధ్యలో వదిలేసిన అంశం వదిలేసినట్లే కనిపిస్తూ ఉంటుంది. కాగితం చేయలేనిది ఇదే: కాగితానికి ఎక్కడిదాకా చదివారో గుర్తుండదు.

ఈ సాయం సామాన్యమైనది కాదు, అయితే అంతటితో నిశ్చింత అనుకోవడానికీ లేదు. డెట్రాయిట్‌లోనూ, మాడ్రిడ్‌లోనూ చివరి కాపలాగా పెట్టిన హారన్ మోగని సంగతి తెలిసిందే. 1999 ఆగస్టు 31న బ్యూనస్ ఎయిర్స్‌లో లాపా సంస్థ 737లో హారన్ మోగింది, పైలట్లు దానిని పట్టించుకోకుండా ముందుకు సాగారు, 65 మంది చనిపోయారు. 2005 ఆగస్టు 14న హీలియోస్ 522వ సర్వీసు 737లో క్యాబిన్‌లోని గాలి ఒత్తిడిని కాపాడే వ్యవస్థ స్విచ్ మాన్యువల్‌లో ఉండిపోయింది. పైలట్లు దానిని నేల మీదా, లేచాకా చేసిన సరిచూపులలో గమనించలేదు. పైకి వెళ్తుండగా మోగిన హెచ్చరిక శబ్దం, టేకాఫ్ అమరిక తప్పుగా ఉన్నప్పుడు మోగే శబ్దమూ ఒకటే కావడంతో వారు దానిని వేరేగా అర్థం చేసుకున్నారు. ప్రాణవాయువు చాలక స్పృహ కోల్పోయినవారితో విమానం ఏథెన్స్ దగ్గర కొండను తాకింది, 121 మందీ మరణించారు.

జాబితా ఒక చోట పెడితే దానంతట అది పనిచేయదని చెప్పే సాక్ష్యం ఆసుపత్రుల నుంచి కూడా వచ్చింది. కాక్‌పిట్ నుంచి స్ఫూర్తి పొంది, శస్త్రవైద్యుడు అతుల్ గవాండే నాయకత్వంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్ థియేటర్లకు 19 అంశాల జాబితా రూపొందించింది. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రులలో దానిని వాడి చూస్తే శస్త్రచికిత్సానంతర మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో వెల్లడైంది. తరువాత కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో 101 ఆసుపత్రులు ఇటువంటి జాబితాలను అమలులోకి తెచ్చినప్పుడు మాత్రం చెప్పుకోదగిన తేడా కనిపించలేదని 2014లో తేలింది. రెండు చోట్లా ఉన్నది అటువంటి కాగితమే. దానిని చదివినప్పుడు గదిలోని మనుషులు చేతిలో పని ఆపి విన్నారా, లేక గడులు నింపి పక్కన పడేశారా అన్నది కాగితం చెప్పదు. కాక్‌పిట్‌లో చూపును మాటతోపాటు నడిపించడానికి వేలితో చూపించి చెప్పడం, జవాబు చెప్పినవారితోపాటు అడిగినవారు కూడా ఆ పరికరాన్ని చూడడం వంటి అలవాట్లను సిమ్యులేటర్ శిక్షణలో పదే పదే నూరిపోయడానికి కారణమూ ఇదే.

ల్యాండింగ్ జాబితా పూర్తయిన తరువాత కూడా పైలట్లకు గుర్తుండవలసినది ఒకటి మిగిలే ఉంటుంది. రద్దీగా ఉన్న విమానాశ్రయంలో, ముందు దిగిన విమానం రన్‌వే ఖాళీ చేసేదాకా దిగడానికి అనుమతి రాకపోవచ్చు. అనుమతి వచ్చిందా అన్న ప్రశ్న 500 అడుగుల ఎత్తున తలెత్తితే జవాబు వెతుక్కునేంత వ్యవధి ఉండదు. ఏ జాబితాలోనూ లేని ఈ అంశానికి పైలట్లలో చాలామంది ఒక ఉపాయం పెట్టుకున్నారు. అన్ని దీపాలూ ముందే వేసినా, ముందు చక్రం కాడకు అమర్చిన దీపాన్ని మాత్రం ఆపి ఉంచి, ‘దిగవచ్చు’ అన్న మాట రేడియోలో వినిపించిన క్షణంలోనే ఆ స్విచ్ వేస్తారు. ఆ తరువాత సందేహం కలిగితే జ్ఞాపకాన్ని అడగనక్కరలేదు, స్విచ్ ఎటు ఉందో చూస్తే చాలు. రాత్రివేళ విమానాశ్రయం సరిహద్దు గోడకు ఇవతల నిలబడి చూసేవారికి, దిగి వస్తున్న విమానం రెక్కల దీపాల నడుమ, కాస్త కిందుగా, అంతవరకు లేని ఇంకొక దీపం ఉన్నట్టుండి వెలగడం ఒక్కొక్కసారి కనిపిస్తుంది.